దూది పిండిన సంగతి డాక్టరుకు చెప్పాలా?

పదకొండు నెలల పాప తల్లి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇదీ.

రెండు నెలల కిందట పాపకు 39 డిగ్రీల జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు. డాక్టరు యూరిన్ టెస్టు రాశారు. అంటించే బ్యాగ్‌తో మూత్రం పట్టి ఇచ్చారు. రిపోర్టు రాకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టి వారం రోజులు వేశారు. తర్వాత వచ్చిన కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో 'మిక్స్‌డ్ గ్రోత్' అని ఉంది. అప్పటికే జ్వరం తగ్గిపోవడంతో ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన వారం మళ్లీ జ్వరం, 38.6. మళ్లీ యూరిన్ టెస్టు. ఈసారి బ్యాగ్ వద్దు, కప్పులో పట్టండి అన్నారు. ఆవిడ నాలుగు గంటల పాటు పాపకు డైపర్ విప్పేసి, కప్పు పట్టుకుని వెంట తిరిగారు. ఫోన్ మోగితే పక్క గదిలోకి వెళ్లి వచ్చేసరికి దుప్పటి తడిసిపోయి ఉంది. కూర్చుని ఏడ్చేశారట. చివరికి డైపర్‌లో దూది పెట్టి, తడిసిన దూదిని కప్పులోకి పిండి, మూత బిగించి, మూడు గంటల తర్వాత ల్యాబ్‌కు పంపారు. రెండో రోజుకి జ్వరం దానంతటదే తగ్గింది. మందేమీ వేయలేదు. మూడో రోజు రిపోర్టు వచ్చింది: రెండు రకాల బ్యాక్టీరియా, అందులో ఒకటి లక్షకు పైన.

"ఇది రెండోసారి ఇన్ఫెక్షన్. కాథెటర్‌తో, అంటే మూత్రాశయంలోకి సన్నటి గొట్టం పెట్టి, శాంపిల్ తీసి ఖాయం చేసుకుందాం, తర్వాత కిడ్నీ పరీక్షలు కూడా ఆలోచిద్దాం" అన్నారు డాక్టరు. "అంత చిన్నపిల్లకి గొట్టం వేస్తారా, నేను ఒప్పుకోను" అంటున్నారు అత్తగారు. "ఈ గొడవంతా ఎందుకు, యాంటీబయాటిక్ రాయించుకుంటే పోతుంది కదా" అంటున్నారు భర్త. ఉత్తరం చివర్లో ఆవిడ ఇలా రాశారు: "దూది సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే నన్నేమనుకుంటారు? ఇదంతా నా వల్లే జరుగుతోందా?"

అమ్మా,

ముందు ఒక్క మాట. పాపకు జ్వరం మళ్లీ వచ్చినా, వాంతులు అవుతున్నా, పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా ఇది చదవడం ఆపేసి ఆసుపత్రికి బయలుదేరండి. అప్పుడు గొట్టమా కప్పా అని ఇంట్లో చర్చించుకునే తీరిక ఉండదు. పాప ఇప్పుడు మామూలుగా ఆడుకుంటోందని మీరు రాశారు కాబట్టి, మిగతాదంతా ఆ మాట మీద ఆధారపడి రాస్తున్నాను. నేను చాలా ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని. మందులు రాయడం నా పని కాదు. పసిపిల్లల మూత్రం పట్టడం మాత్రం బాగా తెలుసు. పట్టిన వాటికంటే నా చీర మీద పడినవే ఎక్కువ.

మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది దూది దగ్గర కాదు, 'రెండోసారి' అన్న మాట దగ్గర. మొదటిసారి రిపోర్టు ఏం చెప్పింది? మిక్స్‌డ్ గ్రోత్. అంటే ఒకటికి మించి రకాల బ్యాక్టీరియా పెరిగింది, ఏది మూత్రాశయంలోంచి వచ్చిందో ఏది ఒంటి మీది నుంచి కలిసిందో చెప్పలేమని ల్యాబ్ చేతులెత్తేసింది. రెండోసారీ రెండు రకాలు పెరిగాయి. పాప ఫైలులో ఇప్పుడు రెండు ఇన్ఫెక్షన్లు ఉన్నట్టు కనిపిస్తోంది గానీ, నిజానికి ఉన్నవి రెండు అనుమానాలు. రెండూ నిజమే కావచ్చు, ఒకటే కావచ్చు, అసలేదీ కాకపోవచ్చు. మీ ఇంట్లో ముగ్గురూ, అవతల డాక్టరూ ఆ 'రెండు' అన్న లెక్కను పట్టుకునే మాట్లాడుతున్నారు. ఆ లెక్కే ఇంకా తేలలేదన్నది మీ ఒక్కరికే తెలుసు.

దూదిలోంచి లక్ష ఎలా వస్తుందో చెబుతాను. పిల్లల్లో మూత్రం ఇన్ఫెక్షన్ ఎక్కువగా తెచ్చేది ఈ-కోలై అనే బ్యాక్టీరియా. అది ఆరోగ్యంగా ఉన్న దాదాపు ప్రతి పిల్ల పేగుల్లోనూ ఉంటుంది. మలంతో బయటికి వస్తుంది, డైపర్ వేసుకునే పిల్లకు ఆ చుట్టుపక్కల చర్మం మీద కూడా ఉంటుంది. ఎంత శుభ్రంగా కడిగినా కొంత మిగులుతుంది. మూత్రం ఆ చర్మాన్ని తడిపి, దూదిలోకి ఇంకి, మీ వేళ్ల మధ్య నుంచి కప్పులోకి దిగింది. తర్వాత మూడు గంటలు బయటే ఉంది. అనువైన వేడి దొరికితే ఈ-కోలై ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. అలా మూడు గంటలంటే తొమ్మిది రెట్టింపులు. ఒకటి 512 అవుతుంది. గది వేడిలో అంత జోరు ఉండదనుకున్నా, చర్మం మీంచి కలిసిన కొద్దిపాటి బ్యాక్టీరియా రిపోర్టులో పెద్ద అంకెగా కనబడడానికి ఆ వ్యవధి చాలు. ల్యాబ్‌కు చేరడం నాలుగు గంటలకు మించి ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టమనో, బోరిక్ యాసిడ్ కలిపిన డబ్బాలో పోయమనో చెప్పేది అందుకే. నన్నడిగితే నాలుగు గంటల దాకా కూడా ఆగొద్దు. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

మీకు ఈ దూది ఉపాయం ఎవరు చెప్పారో రాయలేదు. మీరు కనిపెట్టింది మాత్రం కాదు, చాలామంది తల్లులు చేసేదే. 2007లో బ్రిటన్‌లో వచ్చిన వైద్య మార్గదర్శకాల్లో దూది ఉండలు, గాజుగుడ్డ, శానిటరీ ప్యాడ్లు వాడొద్దని పేరుపేరునా రాయాల్సి వచ్చిందంటే, ఎంతమంది ఆ పని చేస్తున్నారో ఆలోచించండి. మూత్రం సేకరించడానికే తయారుచేసిన ప్యాడ్లు వేరే ఉన్నాయి. డైపర్‌లో పెట్టి, తడవగానే సిరంజితో పైకి లాగుతారు. అవి దొరికితే వాడొచ్చు. మామూలు దూది వాటికి బదులు కాదు.

కాబట్టి 'నా వల్లేనా' అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. పాపకు జ్వరం మీ వల్ల రాలేదు. రిపోర్టు గందరగోళంలో దూదికి భాగం ఉండే అవకాశం చాలా ఉంది. మీ చేతులు శుభ్రంగా లేకనో, మీకు శ్రద్ధ లేకనో కాదు. ఆస్ట్రేలియాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో పట్టిన శాంపిళ్ల లెక్క 2012లో ప్రచురించారు. కప్పులో పట్టినవాటిలో 26 శాతం, గొట్టంతో తీసినవాటిలో 12 శాతం, పొత్తికడుపులోకి సూది పెట్టి తీసినవాటిలో 1 శాతం కలుషితమయ్యాయి. ఆసుపత్రిలో కూడా ఇంత. అంటించే బ్యాగ్ అయితే సుమారు సగం ఇలాగే పోతాయి.

ఇక చెప్పడం, చెప్పకపోవడం. చెబితే ఏమవుతుంది? డాక్టరు ఒక్క నిమిషం చిరాకు పడొచ్చు. పడనివ్వండి. ఆ నిమిషం తర్వాత ఆయన ఆలోచించే తీరే మారుతుంది. రిపోర్టులో అంకెకు విలువ ఇచ్చేది శాంపిల్ పట్టిన పద్ధతే. గొట్టంతో తీసిన శాంపిల్‌లో చీము కణాలు (ఇన్ఫెక్షన్‌తో పోరాడడానికి వచ్చే తెల్ల రక్తకణాలు) కూడా ఉండి, ఒకే రకం బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 50 వేలు పెరిగితే ఇన్ఫెక్షన్‌గా లెక్కించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో చెప్పింది. దూదిలోంచి పిండినదానికి లక్ష వచ్చినా ఆ గౌరవం దక్కదు. జ్వరం మందు లేకుండానే తగ్గిందన్న సంగతి కూడా పక్కన పెట్టుకుని చూస్తే, ఇప్పుడు కాథెటర్ అవసరమే లేదని డాక్టరు అనొచ్చు. లేదూ, పాపను మళ్లీ చూసి, అయినా తీద్దాం అనొచ్చు. రెండింట్లో ఏదైనా నిజం తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

చెప్పకపోతే? పాప పేరు మీద 'రెండు ఇన్ఫెక్షన్లు' అలాగే ఉండిపోతాయి. పసిపిల్లలకు జ్వరంతో రెండుసార్లు ఇన్ఫెక్షన్ వస్తే మూత్రం వెనక్కి కిడ్నీల వైపు పోతోందేమో చూడాలని డాక్టర్లు అనుకోవడం సహజం. కడుపు మీద చేసే అల్ట్రాసౌండ్‌తో నొప్పీ లేదు, ప్రమాదమూ లేదు. కానీ ఆ తర్వాతి పరీక్షలో గొట్టం వేసి, మూత్రాశయంలోకి మందు నింపి, ఎక్స్‌రేలు తీస్తారు. పాపకు గొట్టం వద్దనుకుని దాచిన మాటే చివరికి అంతకంటే పెద్ద గొట్టం పరీక్షకు తీసుకెళ్లవచ్చు. ఇలాంటివి వార్డులో చూశాను. అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

ఎదురుగా చెప్పడం కష్టమైతే ఫోన్ చేసి చెప్పండి. పెద్దగా వివరించాల్సిన పని లేదు. "రెండో శాంపిల్ కప్పులో పట్టింది కాదండీ, దూదిలోంచి పిండింది. మూడు గంటలు బయటే ఉంది. మొదటిది బ్యాగ్‌తో పట్టింది, అందులో మిక్స్‌డ్ గ్రోత్ వచ్చింది. ఇవి తెలిశాక కూడా కాథెటర్ కావాలంటారా?" అంతే. ఇంకో ప్రశ్న కూడా అడగండి: రెండు రిపోర్టుల్లో చీము కణాలు ఎన్ని ఉన్నాయని. 'పస్ సెల్స్' అని రాసి ఉంటుంది, మీరే చూసుకోవచ్చు. అవి లేకుండా బ్యాక్టీరియా మాత్రమే, అదీ రెండు మూడు రకాలు ఉంటే బయటి నుంచి కలిసిందన్న అనుమానం బలపడుతుంది.

మళ్లీ శాంపిల్ కావాలనే అన్నారనుకుందాం. లేదా కొన్నాళ్లకు ఇంకో జ్వరం వచ్చిందనుకుందాం. పిల్లలన్నాక వస్తూనే ఉంటాయి. అప్పుడు మీ ముందు ఉండే దారులు చెబుతాను.

మీవారు అంటున్న దారి, శాంపిల్ సంగతి వదిలేసి యాంటీబయాటిక్ వేసేయడం. ఆయన విసుగు నాకు అర్థమవుతుంది. కానీ ఈ దారిలో వెనక్కి రావడం కుదరదు. మందు పడ్డాక ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి శాంపిల్ ఇచ్చినా, ఇన్ఫెక్షన్ ఉండేదా లేదా, ఉంటే ఏ మందుకు లొంగేది అన్నది తెలియదు. మొదటిసారి మీకు జరిగింది దాదాపు ఇదే. జ్వరం ఎందుకొచ్చిందో ఈ రోజుకీ తెలియదు. పిల్ల బాగా నీరసించి ఉంటే మందు ఆపకూడదు, నిజమే. అలాంటప్పుడు కూడా ముందు గొట్టంతో శాంపిల్ తీసి, ఆ వెంటనే మొదటి డోసు వేస్తారు. ఆడుకుంటున్న పిల్లకు, జ్వరం లేనప్పుడు, ఎందుకో తెలియకుండా మందు వేయడానికి మాత్రం నాకు కారణం కనబడడం లేదు.

కాథెటర్. అత్తగారి భయం కొట్టిపారేసేది కాదు. పాప ఏడుస్తుంది. ఇద్దరు పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక రోజు మంట ఉండొచ్చు, ఒక చుక్క రక్తం కనబడొచ్చు, అరుదుగా గొట్టం వల్లే ఇన్ఫెక్షన్ రావచ్చు. కానీ పెద్దవాళ్లకు ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి ఉంచే గొట్టం లాంటిది కాదిది. సన్నగా, మెత్తగా ఉంటుంది. లోపలికి వెళ్లి, నాలుగు చుక్కలు రాగానే తీసేస్తారు. కొన్ని నిమిషాల పని. అత్తగారి మనసులో ఉన్నది ఆ సంచీ తగిలించిన గొట్టమేమో ఒకసారి అడిగి చూడండి. చాలామంది పెద్దవాళ్ల ఊహలో అదే ఉంటుంది. జవాబు ఈ రోజే కావాలన్నప్పుడు, పిల్ల బాగా జబ్బుగా ఉన్నప్పుడు ఇంతకన్నా నమ్మకంగా, త్వరగా అయ్యే పద్ధతి ఇంకొకటి సులువుగా దొరకదు. మూడు నెలల లోపు పసికందుకు 38 డిగ్రీలు దాటితే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ఇంట్లో కప్పు పట్టుకుని కూర్చోకూడదు.

బ్యాగ్‌ను నేను పూర్తిగా తీసిపారేయను. అది జల్లెడలా పనికొస్తుంది. బ్యాగ్‌లో పట్టిన తాజా మూత్రాన్ని అప్పటికప్పుడు పరీక్షిస్తే, చీము కణాలు లేవు, నైట్రైట్ (మూత్రంలో కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే పదార్థం) కూడా లేదు అని వస్తే ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం చాలా తక్కువ. అక్కడితో ఆపేయొచ్చు. 'ఉంది' అని వస్తే మాత్రం దాన్ని నమ్మి మందు వేయకూడదు, కల్చర్‌కూ పంపకూడదు. అప్పుడు గొట్టంతో తీయాలి. ఒక పిల్లల ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఇలా రెండు మెట్లుగా చేయడం మొదలుపెట్టాక గొట్టం వేసిన పిల్లలు 63 శాతం నుంచి 30 శాతం లోపుకు తగ్గారు. ఒక చిన్న మెలిక ఉంది. మూత్రం కొన్ని గంటలు మూత్రాశయంలో నిలిస్తేనే నైట్రైట్ తయారవుతుంది. పసిపిల్లలు మాటిమాటికీ పోస్తారు కాబట్టి, అదొక్కటే లేదని నిశ్చింతగా ఉండలేం. చీము కణాలు కూడా చూడాల్సిందే. బ్యాగ్ అంటించినప్పుడు పావుగంటకోసారి చూస్తూ, పోయగానే తీసేయాలి.

ఇక కప్పు. మీరు నాలుగు గంటలు పడ్డ కష్టం వృథా అనిపించి ఉంటుంది. అందులో లేనిదల్లా ఇంకో మనిషి. ఇది ఒక్కరు చేసే పని కాదు.

పాపకు కడుపు నిండా పాలు పట్టండి. ఇరవై, ముప్పై నిమిషాలు ఆగండి. ముందూ వెనకా మామూలు నీళ్లతో, కొంచెం సబ్బుతో కడిగి, మళ్లీ నీళ్లతో కడగండి. ముందు నుంచి వెనక్కే తుడవాలి. డెట్టాల్ లాంటివి వద్దు, అవి కప్పులో పడితే బ్యాక్టీరియా పెరగకుండా చేసి రిపోర్టునే తప్పుదారి పట్టిస్తాయి. ఇది చదివే మగపిల్లల తల్లులకు ఒక మాట: ముందు చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకండి. తర్వాత పాపను ఒకరు పడుకోబెట్టి కాళ్లు పట్టుకోవాలి, ఇంకొకరు మూత తీసిన కప్పుతో సిద్ధంగా ఉండాలి. చల్లటి సెలైన్‌లో ముంచిన గాజుగుడ్డతో బొడ్డు కింద, మూత్రాశయం ఉండే చోట, గుండ్రంగా రుద్దుతూ ఉండాలి. 2017లో మెల్‌బోర్న్‌లో ఏడాది లోపు పిల్లలు 354 మంది మీద దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల్లోపు పోసినవాళ్లు మామూలుగా ఎదురుచూస్తే 12 శాతం, ఇలా రుద్దితే 31 శాతం. మంత్రమేమీ కాదు, మూడింట రెండొంతుల మంది అప్పటికీ పోయలేదు. కానీ ఖర్చు లేదు, నొప్పి లేదు. పుట్టి కొద్ది రోజులే అయిన పిల్లలకు స్పెయిన్‌లో 2013లో ఇంకో పద్ధతి చెప్పారు. చంకల కింద పట్టుకుని నిలువుగా ఎత్తి, పొత్తికడుపు మీద వేళ్లతో తడుతూ, మధ్యమధ్యలో నడుము దగ్గర మెల్లగా రుద్దుతారు. మీ పాప దానికి పెద్దదైపోయింది, బరువుకు మీ చేతులు లాగేస్తాయి.

ధార మొదలవగానే కప్పు పెట్టేయకండి. మొదటి కాసిని చుక్కలు పోనివ్వండి. కప్పు అంచు చర్మానికి తగలకూడదు. ఒక టీస్పూనంత దొరికినా చాలు. అదే సమయంలో పాప విరేచనం చేస్తే, మనసు ఎంత ఒప్పుకోకపోయినా, అది పారబోయండి. డైపర్‌లోంచి గానీ దుప్పటిలోంచి గానీ ఏమీ పిండొద్దు. కప్పు మీద పట్టిన సమయం రాయండి, ఎలా పట్టారో కూడా రాయండి.

ఆ రెండో మనిషి ఎవరన్నదే నా అసలు సలహా. అత్తగారిని అడగండి. 'గొట్టం వద్దంటున్నారు కదా, అయితే ఇలా పట్టాలట, నా ఒక్కదానికి చేతకావడం లేదు' అనండి. ఆవిడ వద్దంటున్నది గొట్టాన్ని, పరీక్షను కాదు. గంటసేపు ప్రయత్నించి కప్పు ఖాళీగా ఉంటే, కాథెటర్ గురించి మీరు వాదించాల్సిన అవసరం అంతగా ఉండకపోవచ్చు. ఆవిడ కూడా పక్కనే కూర్చుని ఉంటారు కదా. ఎంతసేపు ప్రయత్నించాలో ముందే అనుకోండి. జ్వరంతో ఉన్న పిల్ల అయితే గంట, గంటన్నరకు మించి వద్దు. మీవారికి దూది సంగతి ఈ రాత్రికే చెప్పేయండి. డాక్టరుకు చెప్పడానికి ముందు ఒకసారి గట్టిగా పలికి చూసుకున్నట్టు కూడా ఉంటుంది.

ఒకవేళ డాక్టరు "ప్రస్తుతానికి ఏమీ వద్దు, మళ్లీ జ్వరం వస్తే చూద్దాం" అంటే, అది పట్టించుకోకపోవడం అనుకోకండి. ఇప్పుడు తీసే శాంపిల్ ఇప్పటి సంగతి చెబుతుంది గానీ పోయిన వారం సంగతి చెప్పలేదు. కాకపోతే "మళ్లీ జ్వరం వస్తే ఎన్ని గంటల్లో రావాలి, శాంపిల్ ఇంట్లో పట్టాలా, మీ దగ్గరే పడతారా" అని అప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. మూతతో ఉన్న స్టెరైల్ కప్పులు రెండు తెచ్చి ఇంట్లో ఉంచుకోండి. వాడేదాకా మూత తీయొద్దు. పట్టడానికి కూర్చునే ముందు మాత్రం ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి పక్క గదిలో వదిలేయండి.